ధ్రువ నక్షత్రం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ధ్రువ నక్షత్రం గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమే అనుకుంటున్నాను, కనబడితే కదా తెలిసేది.

మొన్న శనివారం రాత్రి నా అవస్థ తమరు పొగ వెనకాల నుంచి చూసే ఉంటారు. హన్మకొండలో మా డాబా మీద పక్కింటి మెట్ల గదికీ కొబ్బరిచెట్టుకూ మధ్య సందులో తమ దర్శనం అయ్యేది. ఆ సందులో ఇప్పుడు నల్లటి నీళ్ళ ట్యాంకు వెలిసింది. సరే అని టెలిస్కోపు, దాన్ని చుక్కల వెంట తిప్పే మౌంటు (ఫోటోకు ముందు దీని ఇరుసును తమరి వైపు గురిపెట్టాలి), బ్యాటరీ, ల్యాప్‌టాప్ అన్నీ కారులో వేసుకుని పరకాల దగ్గర మా అత్తగారి ఊరికి పోతే, యాసంగి కోతలు అయిపోయి వరి కొయ్యలకు నిప్పు పెట్టి ఉన్నారు. నెత్తి మీద చుక్కలే చుక్కలు. తమరున్న వైపు మాత్రం పొగ.

తప్పు పొగది కదా అంటారేమో. కాదు సార్. తమరు 18 డిగ్రీల ఎత్తులో కూర్చోవడం వల్ల వచ్చిన తంటా ఇది. ఊరి అక్షాంశం ఎంతో తమరు ఇంచుమించు అంతే ఎత్తున కనబడతారు, ఆ రూలు నాకూ తెలుసు. లడఖ్‌లో హాన్లే వాళ్ళకు 32 దాటి, లండన్ వాళ్ళకు 51. అక్కడివాళ్ళు వీడియోల్లో "ముందు పొలారిస్‌ను (అంటే తమరినే) పట్టుకోండి, రెండు నిమిషాల పని" అని నవ్వుతూ చెబుతుంటే ఒళ్ళు మండుతుంది. మేము తమరిని చూడాలంటే నెత్తి మీది గాలికి మూడింతల గాలి దాటి చూడాలి, అందులో దుమ్ము, తాటిచెట్లు, ఎవరింటిదో పెళ్ళి సీరియల్ లైట్లు. తమరిని గురిచూసేందుకు మౌంటులో ఉండే చిన్న గొట్టం, ఆ పోలార్ స్కోపులో కన్ను పెట్టాలంటే మోకాళ్ళ మీద కూలబడి, చెంప ట్రైపాడ్ కాలుకు ఆనించి, మెడ విరుచుకోవాలి. కోసిన మడిలో ఆ పని ఒకసారి చేసి చూడండి. కింద కొయ్యలు ప్యాంటులోంచి గుచ్చుకుంటాయి, బరువు సరితూగడానికి పెట్టే కౌంటర్‌వెయిట్ రాడ్డు వచ్చి ట్రైపాడ్‌కు తగులుతుంది. ఈ మౌంట్లు చేసినవాడికి 18 డిగ్రీల దగ్గర కూడా మనుషులుంటారని తోచినట్టు లేదు.

మా మామ టార్చిలైటు పట్టుకుని (తెల్ల లైటే, ఎన్నిసార్లు చెప్పినా) కాసేపు నిలబడి చూసి, "ఆ ఒక్క చుక్క దొరక్కపోతే ఇంకో చుక్కతోని చేస్కోరాదు అల్లుడూ, గిన్ని ఉన్నయి గదా" అన్నాడు.

తీసేది చందమామనైతే తమరి గడప తొక్కేవాడినే కాదు. నేను పోయింది ఎం57 కోసం, 1779లో దొరికిన వలయ నీహారిక. నిండు చందమామ అడ్డంలో వరసగా 20కి పైగా పట్టేంత చిన్నది. అంత చిన్నదానికి ఫోకల్ లెంత్ (జూమ్ లాంటిది) పెద్దది కావాలి, ఫోకల్ లెంత్ పెరిగేకొద్దీ మౌంటు ఇరుసు భూమి ఇరుసుతో ఏమాత్రం కలవకపోయినా ఫోటోలో బయటపడుతుంది. దిక్సూచి పెట్టి, అందాజుగా ఉత్తరం చూసుకుని, తెల్లారగట్ల దాని పక్కనుండే అభిజిత్తు చుక్క పైకొచ్చాక మొదలుపెట్టాను. సకినంలా గుండ్రంగా రావాల్సింది పొడుగ్గా సాగి, నడిమి బొక్క కూడా పూడుకుపోయి వచ్చింది. చుట్టూ చుక్కలన్నీ గీతలు.

అసలు కోపం అది కూడా కాదు. పెళ్ళిలో పంతులుగారు తమరిని చూపించి, అట్లా కదలకుండా ఉండమని కొత్త జంటకు చెప్పారు. నాకూ చెప్పారు, అది మిట్టమధ్యాహ్నం ముహూర్తం, అయినా బుద్ధిగా తలూపాను. తీరా చూస్తే తమరూ తిరుగుతున్నారు! ధ్రువానికి (భూమి ఇరుసు ఆకాశంలో చూపే చోటుకు) అర డిగ్రీకి పైగా పక్కన ఉండి రోజూ దాని చుట్టూ చక్కర్లు. ఆ చక్కరు అడ్డం కొలిస్తే రెండు నిండు చందమామలకన్నా ఎక్కువ. అందుకేగా పోలార్ స్కోపులో తమరిని నడిమధ్యన కాకుండా పక్కన గీసిన వలయం మీద, అదీ గంట గంటకు మారే చోట పెట్టాల్సి వచ్చేది. 2100 ప్రాంతంలో అన్నిటికన్నా దగ్గరికి వస్తారట, అప్పుడూ దాదాపు అర డిగ్రీ దూరమే. వెలుగైనా నిలకడగా ఉంటుందా అంటే నాలుగు రోజులకోసారి హెచ్చుతగ్గులు. పోనీ ఒంటరి తపస్సా అంటే, పక్కన తోడు చుక్కలు ఇంకో రెండు. ప్రకాశంలో మొదటి 40 చుక్కల్లో కూడా పేరు లేదు. దేనికయ్యా నీకంత పేరు?

ఆ పోస్టు కూడా నీ సొంతం కాదు. సుమారు 4,800 ఏళ్ళ కింద అక్కడ తూబాన్ అనే చుక్క ఉండేవాడు. ఇంకో 12,000 ఏళ్ళకు ధ్రువం అభిజిత్తు వైపు జరుగుతుంది, ఎం57 పక్కనే ఉండే ఆ అభిజిత్తు వైపే. నువ్వు లేకుండానే పని నడిపించే సాఫ్ట్‌వేర్లు ఇప్పటికే వచ్చాయి తెలుసా? ఆకాశంలో ఏదో ఒక మూల మౌంటును కొంచెం కొంచెం తిప్పి మూడు ఫోటోలు తీస్తే ఇరుసు ఎంత తప్పిందో అదే లెక్కగట్టి చెబుతుంది. నేర్చుకుంటున్నాను. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఒకటి మార్చాలి, అంతే.

అది వచ్చేదాకా మాత్రం నువ్వే దిక్కు. ఒక వాన పడితే పొగ అణుగుతుంది. రేపు శనివారం మళ్ళీ పోతున్నాను, ఒక్క పది నిమిషాలు కనబడు, తర్వాత ఎన్ని చక్కర్లు కొట్టుకుంటావో కొట్టుకో.

ఇట్లు,
18 డిగ్రీల వాస్తవ్యుడు,
హన్మకొండ