చరిత్ర అనబడే అర్జీ

కడప జిల్లాలో ఏ ఊరికి పోయినా ఆ ఊరి చరిత్ర తెలిసిన పెద్దమనిషి ఒకాయన రచ్చబండ మీద తయారుగా ఉంటాడు. ఊరు మారినా ఆయన చెప్పే సంగతుల్లో రెండు మాత్రం మారవు. శ్రీకృష్ణదేవరాయలు తిరుపతికి పోతూ పోతూ ఇక్కడ ఒక రాత్రి నిద్ర చేశాడు. ఇక్కడి గుడి కిందనుంచి శ్రీశైలం దాకా సొరంగం ఉంది. వీటిని కొట్టిపారేసే రకం కాదు నేను, కాబట్టి కాగితం ముందేసుకుని లెక్క కట్టాను. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా, అంటే అటూ ఇటుగా 7,300 రాత్రులు. అందులో ఉదయగిరి ముట్టడికి, కొండవీటికి, రాయచూరు యుద్ధానికి నెలల తరబడి పోయిన రాత్రులు తీసేసి, హంపీలో ఇద్దరు రాణుల దగ్గర ఉండక తప్పని రాత్రులు కూడా తీసేస్తే, మిగిలినవి మా జిల్లాకే చాలవు, పక్కన అనంతపురం, కర్నూలు, నెల్లూరు వాళ్లు కూడా క్యూలో ఉన్నారు.

సొరంగాల సంగతి ఇంకా ఆశాజనకంగా ఉంది. పెద్దమనుషులు చెప్పినవన్నీ ఒక మ్యాపు మీద గీస్తే రాయలసీమ కింద ఢిల్లీ మెట్రోకు దీటైన వ్యవస్థ బయటపడుతుంది. 2008-09లో మంజూరైన కడప–బెంగళూరు రైలు మార్గం ఇటువైపు కడప పక్కనే ఉన్న పెండ్లిమర్రి దాటడానికే ఆపసోపాలు పడుతోంది. రైల్వే వాళ్లు కాస్త బుర్ర వాడి ఆ సొరంగాల్లో పట్టాలు పరిచి ఉంటే భూసేకరణ తలనొప్పి కూడా ఉండేది కాదు.

ఈ కథలు చెప్పేవాళ్లు అమాయకులని మాత్రం అనుకోవద్దు. మా దగ్గర చరిత్ర అంటే అర్జీ. ఎవరైనా అధికారి వచ్చి అడిగినప్పుడో, పైనుంచి ఏదో వచ్చేలా ఉందని వాసన తగిలినప్పుడో రాస్తాం. మిగతా రోజుల్లో ఆ కాగితం బీరువాలో ఉంటుంది.

ఈ పద్ధతి ఇప్పటిది కూడా కాదు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, రాసిచ్చేశాక కలెక్టరు మన్రో దొర ఊరూరా పొలాలు కొలిపించి శిస్తు కట్టాడు. ఆ వెనకే కుంపిణీ సర్వే అధికారి మెకంజీ దొర మనుషులు దిగి, మీ ఊరి పూర్వోత్తరాలు చెప్పండయ్యా అని కరణాలను అడిగి కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్ర కాగితాలు, రాయించుకున్నారు. అవి ఈ రోజు చదువుతుంటే కరణం బుర్రకు దండం పెట్టాలనిపిస్తుంది. ఎన్నో ఊళ్ల కథ భారతంలోని పరీక్షిత్తు కొడుకు జనమేజయుడి దగ్గర మొదలవుతుంది. ఆయన సర్పయాగం చేసి ఈ గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడు, తర్వాత అడవి పెరిగింది, తర్వాత ఎవరో వచ్చి అడవి కొట్టి ఊరు కట్టారు, ఫలానా దేవుడికి ఇంత మాన్యం, ఫలానా వారికి ఇంత ఇనాం, ఇది నేటి వరకూ నిరాటంకంగా జరుగుతూ వచ్చుచున్నది. కొత్త దొరతనం మాన్యాలు ఉంచుతుందో పీకుతుందో తెలియని రోజులవి. అలాంటప్పుడు గుర్రం దిగిన గుమాస్తా చరిత్ర అడిగితే, నిన్న మొన్నటి నవాబు ఇచ్చాడని చెప్పి చెడిపోయే కరణం ఎవడుంటాడు? ఏకంగా పరీక్షిత్తు కొడుకు చేత ఇప్పిస్తే అప్పీలుకు కూడా ఆస్కారం ఉండదు. మెకంజీ అదంతా భద్రంగా కట్టలు కట్టి పెట్టుకున్నాడు, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మా కరణం మాన్యం కాపాడుకున్నాడు. ఇద్దరికీ గిట్టుబాటైంది, మధ్యలో చరిత్రకు ఏమైందని మాత్రం అడక్కూడదు.

రెండు శతాబ్దాల తర్వాత జనమేజయుడి స్థానంలోకి అన్నమయ్య వచ్చాడు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు లోక్‌సభ నియోజకవర్గాన్ని కొలతగా పెట్టుకున్నారు. రాజంపేట పేరున నియోజకవర్గం ఉంది, అన్నమయ్య పుట్టిన తాళ్లపాక రాజంపేట పక్కనే ఉంది, 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కూడా అక్కడే నిలబడి ఉంది. జిల్లాకు అన్నమయ్య పేరే పెట్టి, కలెక్టరు కుర్చీని మాత్రం రాయచోటిలో వేశారు. ఇక చూడండి, బందులు, దీక్షలు, ర్యాలీలు. అప్పటిదాకా కీర్తన పల్లవి దాటి రానివాళ్లు కూడా 32,000 సంకీర్తనలు అంటూ మైకుల్లో గర్జించారు. రాయచోటి వాళ్లు ఊరుకుంటారా, వీరభద్రస్వామిని ముందు పెట్టారు. దేవుళ్లు, కవులు ఎదురెదురు టెంట్ల కింద కూర్చున్న ఆ వేసవిలో మా ప్రాంతపు చరిత్ర పరిజ్ఞానం పెరిగినంతగా ఏ విశ్వవిద్యాలయమూ పెంచలేదని నా గట్టి నమ్మకం.

ఆ అన్నమయ్య ఎవరంటే, తన మీద ఒక పదం చెప్పమని సాళువ నరసింహరాయలు అడిగితే, హరిని పొగిడే నోటితో నిన్ను పొగడనని చెప్పి సంకెళ్లు వేయించుకున్నాడని చెప్పుకునే మనిషి. రాజు దగ్గర ఏమీ అడగనివాడు ఆరు వందల ఏళ్ల తర్వాత కలెక్టరేటుకు పెట్టిన అర్జీలో జతపరచిన పత్రం అయ్యాడు.

పోతన గతీ అంతే. ఆయన మావాడని ఒంటిమిట్ట వాళ్లు, కాదు బమ్మెర వాడని ఓరుగల్లు వాళ్లు నూరేళ్లుగా తగువులాడుతున్నారు. కవి గారు తన పుస్తకాన్ని రాజులకు అమ్ముకోనని రాముడికి ఇచ్చేస్తే, మేం కవి గారినే చెరో చెయ్యి పట్టుకుని లాగుతున్నాం. 2014లో రాష్ట్రం విడిపోయి భద్రాచలం అటు పోయేదాకా సర్కారు వారికి ఒంటిమిట్ట రాముడు ఉన్నాడన్న సంగతి పెద్దగా పట్టలేదు. ఆ తర్వాత హఠాత్తుగా పట్టు బట్టలు, తలంబ్రాలు, ముఖ్యమంత్రి కాన్వాయ్, లైవ్ టెలికాస్ట్. ఇక్కడి కల్యాణం పగలు కాకుండా రాత్రి వెన్నెల్లో జరుగుతుంది, అదొక అందం. ఆ వెన్నెల కనపడకుండా ఫ్లడ్‌లైట్లు వేస్తారు, అదింకో అందం.

ఇదే ఒంటిమిట్ట కోసం వావిలికొలను సుబ్బారావు గారు చేతిలో టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా తిరిగి చందా అడిగారు. వచ్చిన డబ్బు రాముడికి నగలుగా, గుడికి మరమ్మతులుగా పెట్టారు. ఆయన కాలం చేసింది 1936లో. మా జిల్లాలో అడగడం అనే విద్యలో అంతటి నిపుణులు మళ్లీ పుట్టలేదు. అడిగింది తన ఇంటికి పట్టుకుపోకపోవడం ఒక్కటే ఆయన పద్ధతిలో లోపం, తర్వాతి తరాలు దాన్ని శ్రద్ధగా సరిదిద్దుకున్నాయి.

ఇంతమందిలోనూ నిజంగా పొలంలో దిగి పనిచేస్తున్న పరిశోధకులు ఒక్కరే. గుప్తనిధుల వాళ్లు. వాళ్లకు గ్రాంటు లేదు, టీఏ డీఏ లేదు, సెమినారులో సమోసా కూడా లేదు. అయినా అమావాస్య రాత్రి, పాములు తిరిగే చోట, ప్రాణాలకు తెగించి తవ్వుతారు.

ఎర్రమల కొండల అంచున పూజ లేని ఒక శివాలయంలో వాళ్ల కృషిని దగ్గరగా చూసే భాగ్యం నాకు కలిగింది. గర్భగుడిలో నిలువెత్తు గొయ్యి. దాని అంచులు ఎంత తిన్నగా ఉన్నాయంటే మా ఊళ్లో మరుగుదొడ్డి గుంత తవ్వే కాంట్రాక్టరును తీసుకొచ్చి చూపించాలనిపించింది. పైకి తీసిన నాపరాళ్లను ఒక పక్కన వరసగా పేర్చారు. రెండు ముక్కలు చేసి కుంకుమ అద్దిన నిమ్మకాయలు, సగం కాలిన కర్పూరం, అగరొత్తుల డబ్బా, దాని పక్కన గుట్కా పొట్లాలు, ఒక ఖాళీ బిస్కెట్ ప్యాకెట్. నంది పక్కకు ఒరిగి పడుకుని ఉంది, పొట్ట పగిలింది. నంది కడుపులో మాణిక్యం ఉంటుందని వాళ్ల సిద్ధాంతం, దాన్ని ప్రయోగం చేసి చూశారు. అక్కడే మేకలు తోలుకుంటున్న ఒక పెద్దాయన చెప్పాడు, "కారులో వచ్చినారు నాయనా. ఆ బండ మీద రాతలుండ్య గదా, అది నిధికి గుర్తంట. దాన్ని గూడా పగలగొట్టినారు."

ఆ బండ మీద సాధారణంగా ఏముంటుందో తెలుసా? దేవుడి దీపానికి నూనె కోసం ఫలానా చెరువు కింద ఇంత పొలం ఇచ్చాం అని ఉంటుంది. చివర, దీన్ని చెరిపినవాడు వారణాసిలో ఆవును చంపిన పాపాన పోతాడని ఉంటుంది. నిధి దారి ఎక్కడా ఉండదు. వాళ్లు అది చదవగలిగి ఉంటే పగలగొట్టేవాళ్లు కాదని నేననను, కనీసం తేలిగ్గా తవ్వి వెళ్లిపోయేవాళ్లు.

చట్టం కూడా మనకు తక్కువేం లేదు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా బతికే ఉంది. పది రూపాయలకు మించిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. పది రూపాయలు! ఊరికొక కలెక్టరేటు కావాలని జనం ఎందుకు కొట్టుకుంటున్నారో ఇప్పుడు అర్థమై ఉంటుంది, నిధి దొరికిన మనిషి నిజాయితీగా చెప్పుకుందామంటే బస్సు చార్జీకే నిధి అయిపోతుంది. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా అని 2010లో సవరించారు. అంతకు ముందు మూడు నెలలు, ఐదు వేలు. నా మటుకు నాకు పాత శాపాలే మెరుగనిపిస్తాయి, వాటికి కనీసం సాక్షులు అక్కర్లేదు.

గండికోటలో మాత్రం అర్జీ అమెరికాకు పెట్టుకున్నాం. 1652లో టావెర్నియె అనే ఫ్రెంచి నగల వ్యాపారి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు సరుకు చూపించడానికి ఈ కోటకు వచ్చాడు. మీర్ జుమ్లా అప్పుడు గుళ్లలోని రాగి విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయిస్తున్నాడు, ఆ పనికి మయ్యే అనే ఫ్రెంచివాడిని పెట్టుకున్నాడు. అన్నీ కరిగాయి గానీ గండికోట గుడిలోని ఆరు విగ్రహాలను మాత్రం అతను ఎంత ప్రయత్నించినా కరిగించలేకపోయాడని టావెర్నియె రాసిపెట్టాడు. ఇంత కథ చేతిలో పెట్టుకుని, కోటను ఏలిన పెమ్మసాని నాయకులు, మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం అన్నీ పక్కపక్కనే పెట్టుకుని మేం ప్రచారానికి ఎంచుకున్న మాట "భారతదేశపు గ్రాండ్ కెన్యన్". జమ్మలమడుగు నుంచి ఆటోలో పోయేవాడికి అరిజోనాలోని లోయను గుర్తు చేయడం పర్యాటక శాఖల ప్రత్యేక ప్రతిభ. వచ్చినవాళ్లు మాట నిలబెడుతున్నారు, సరాసరి లోయ అంచుకే పోయి, ఒంటికాలి మీద నిలబడి రీలు తీసుకుని, పక్కనున్న గుడి ఎవరిదని కూడా అడక్కుండా బిరియానీకి దిగిపోతున్నారు.

ఇక కలమళ్ల. యర్రగుంట్ల దగ్గర ఈ ఊరి పేరు చెబితే జిల్లాలో ఎవరైనా వెంటనే థర్మల్ ప్లాంటు అంటారు, ఇంకాస్త తెలిసినవాళ్లు బూడిద లారీలంటారు, బాగా తెలిసినవాళ్లు గొంతు తగ్గించి ఆ బూడిద టెండరు ఎవరిదో చెబుతారు. రాయి సంగతి ఎత్తేవాడు ఉండడు. క్రీ.శ. 575 ప్రాంతంలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడనే రేనాటి చోళుడు, తాను రేనాడు, అంటే అప్పటి ఈ సీమ, ఏలుతున్నానని తెలుగులో చెక్కించిన శాసనం దొరికింది ఈ ఊరి చెన్నకేశవాలయం ఆవరణలో. చుట్టుపక్కల రాజులంతా సంస్కృతంలోనో ప్రాకృతంలోనో రాయించుకునే కాలంలో, ఒక చిన్న సీమను ఏలే రాజు ఊళ్లోవాళ్లు మాట్లాడే మాటను రాతి మీద పెట్టాడు. ఇప్పటిదాకా దొరికిన తెలుగు శాసనాల్లో ఇదే మొదటిదని ఎక్కువమంది పండితుల మాట. ఇక్కడ సొరంగం లేదు, ఇక్కడ ఎవరూ ఒక రాత్రి నిద్ర చేయలేదు, జనమేజయుడు కూడా రాలేదు. అందుకే కాబోలు ఎవరికీ ఆసక్తి లేదు.

ఒక్కసారి మాత్రం ఈ రాయికి గిరాకీ వచ్చింది. తెలుగుకు ప్రాచీన హోదా కావాలని ఢిల్లీకి అర్జీ పెట్టుకునే రోజుల్లో, మన భాష వయసుకు రుజువు ఏదని వెతుకుతూ వెతుకుతూ కలమళ్ల దాకా వచ్చారు. 2008 అక్టోబరు 31న హోదా ప్రకటించారు, సభలు జరిగాయి, శాలువాలు కప్పుకున్నారు. ఆ శాలువాల్లో ఒకటైనా ఆ ఊరి దారి పట్టిందని నేను వినలేదు.

జిల్లా పేరు విషయంలో కూడా మా శ్రద్ధ గమనించాలి. 2010లో కడప పోయి వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో కడప మళ్లీ వచ్చి చేరి వైఎస్సార్ కడప అయింది. పదిహేనేళ్లలో లాభపడినవాళ్లు రబ్బరు స్టాంపులు చేసేవాళ్లు, బోర్డులు రాసేవాళ్లు. వాళ్లూ బతకాలిగా.

ఇదంతా చూశాక నాకు జాలి కలిగేది సిద్ధవటం మీద. 1808లో కడప జిల్లా ఏర్పడినప్పుడు కేంద్రం సిద్ధవటమే. నాలుగేళ్లు కలెక్టరు అక్కడే కూర్చున్నాడు, 1812లో మూటాముల్లె సర్దుకుని కడపకు మారాడు. పెన్నకు నీళ్లొస్తే ఊరికి దారి ఉండదు, అదీ ఇబ్బంది. దక్షిణ కాశి అని పేరున్న ఊరు, మట్లి రాజుల రాతి కోట నది ఒడ్డున ఇప్పటికీ నిలబడి ఉంది, కాగితాల మీద తిరుగులేని పాత హక్కు ఉంది. అయినా ఇన్నేళ్లలో ఈ ఊరివాళ్లు మా హెడ్‌క్వార్టర్ మాకివ్వండి అని గట్టిగా ఒక టెంటు వేసినట్టు కనపడదు. ఇంత మెతకదనం ఈ జిల్లాలో పనికిరాదు. ఇప్పుడు పెన్న మీద వంతెన ఉంది, నది కూడా మునుపటిలా అడ్డం పడటం లేదు, పాత అభ్యంతరం చెల్లదు. కోటలో కావలసినంత జాగా ఉంది, కందకం పూడిస్తే పార్కింగ్ కూడా వస్తుంది. వెంటనే అర్జీ రాసి, 1812 నుంచి నేటి వరకు బకాయి కూడా లెక్కగట్టి పెట్టుకోవాలని నా సూచన. సోమవారం పొద్దున్నే బయల్దేరితే మంచిది, కడప కలెక్టరాఫీసు దగ్గర టోకెన్ల కోసం క్యూ పెద్దగా ఉంటుంది.