పునీత వాలెంటైన్ సైనికులకు చాటుగా పెళ్లిళ్లు చేశాడా?

ఏటా ఫిబ్రవరి రెండో వారం వచ్చిందంటే ఒక కథ ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. పెళ్లయినవాడు యుద్ధానికి పనికిరాడని రోమన్ చక్రవర్తి రెండో క్లాడియస్ వివాహాలను నిషేధించాడనీ, వాలెంటైన్ అనే క్రైస్తవ గురువు (ఫాదర్) ఆ ఆజ్ఞను ధిక్కరించి సైనికులకు రహస్యంగా పెళ్లిళ్లు జరిపించాడనీ, శిరచ్ఛేదానికి ముందు చెరసాల అధికారి కూతురికి ‘నీ వాలెంటైన్’ అని సంతకం చేసి ఉత్తరం రాశాడనీ, అందుకే ఆయన పండుగ ప్రేమికుల దినమైందనీ దాని సారాంశం. వాలెంటైన్ అనే వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) పేరు తప్ప ఇందులో పాత ఆధారాల ముందు నిలిచేది దాదాపు ఏమీ లేదు.

మొదట నిషేధం మాట చూద్దాం. క్లాడియస్ ఏలింది 268 నుంచి 270 వరకే. ఆ కొద్దికాలమూ ఎక్కువగా గోత్ తెగతోనూ ఇతర తెగలతోనూ యుద్ధాల్లోనే గడిపి, సిర్మియం అనే పట్టణంలో (నేటి సెర్బియాలో ఉంది) మహమ్మారి సోకి మరణించాడు. అతడు పెళ్లిళ్లను నిషేధించినట్టు రోమన్ చరిత్రకారులెవరూ రాయలేదు. కొలువులో ఉన్న సైనికుడు చట్టబద్ధంగా పెళ్లాడరాదన్న నియమం ఒకప్పుడు ఉన్నమాట నిజమే కాని, దాన్ని 197 ప్రాంతంలోనే సెప్టిమియస్ సెవెరస్ సడలించాడు. అంటే క్లాడియస్ గద్దెనెక్కేనాటికి ఆ చిక్కు తీరి 70 ఏళ్లు దాటింది.

ఇక పెళ్లి జరిపించిన గురువు సంగతి. ఆనాటి రోమన్ చట్టంలో వధూవరుల సమ్మతే వివాహం. దానికి క్రైస్తవ గురువు అవసరమే లేదు.

మరి వాలెంటైన్ గురించి పాత గ్రంథాలు ఏం చెబుతున్నాయి? ఆయన మరణించిన రెండు శతాబ్దాలకు పైగా గడిచాక రాసిన ఒక వేదసాక్షి చరిత్రలో, క్లాడియస్ ఏలుబడిలో ఆయన్ను ఆస్టేరియస్ అనే అధికారికి అప్పగిస్తారు. క్రీస్తు లోకానికి వెలుగు అని వాలెంటైన్ అనగానే, అయితే రెండేళ్లుగా చూపులేని నా పెంపుడు కూతురికి ఆ వెలుగు చూపించమంటాడు ఆస్టేరియస్. వాలెంటైన్ ఆమె కళ్లపై చేయి ఉంచి ప్రార్థించగా చూపు వస్తుంది. ఇంటిల్లిపాదీ విగ్రహాలను పగలగొట్టి, ఉపవాసముండి, జ్ఞానస్నానం పొందుతారు. ఇటలీలోని టెర్నీ పట్టణ బిషప్ వాలెంటైన్ అనే మరొకరి చరిత్ర కూడా ఉంది. అందులో నడుము వంగి తల మోకాళ్ల మధ్య ఇరుక్కుపోయిన కెరెమోన్ అనే యువకుణ్ణి ఆయన స్వస్థపరుస్తాడు. ఇద్దరినీ చంపింది విశ్వాసం కోసమే. ఇద్దరి పండుగా ఫిబ్రవరి 14నే, ఇద్దరి గాథలూ రోముకు ఉత్తరంగా సాగే ఫ్లమీనియా రహదారితోనే ముడిపడి ఉన్నాయి కనుక, ఇద్దరూ ఒక్కరేనేమోనన్న చర్చ నేటికీ ఉంది. ఈ గాథలను జరిగింది జరిగినట్టు రాసిన చరిత్రగా నేను చూపడం లేదు. కానీ ఈ రెంటిలో ఎక్కడా సైనికుల పెళ్లి లేదు, ప్రేమలేఖ లేదు. 13వ శతాబ్దంలో యాకోబుస్ దె వొరాజినె కూర్చిన ప్రసిద్ధ పునీతుల గాథల సంపుటిలోనూ లేవు. చెరసాల అధికారి కూతురిగా ప్రచారంలో ఉన్న అమ్మాయి బహుశా ఈ ఆస్టేరియస్ కూతురే. చూపు పొందిన పిల్లను తరువాతివాళ్లు ప్రేయసిని చేశారు.

ప్రేమతో ఈ పండుగను ముడిపెట్టిన రాతల్లో మనకు దొరికే తొలి రచన 1380ల నాటి ఆంగ్లకవి చాసర్ కావ్యం. అందులో వాలెంటైన్ పండుగనాడు పక్షులు జతలను ఎంచుకుంటాయి. వేదసాక్షి మరణానికీ ఆ పక్షులకూ మధ్య వెయ్యేళ్లకు పైగా దూరం. లూపెర్కాలియా అనే పాత రోమన్ ఉత్సవాన్ని రద్దుచేసి దాని స్థానంలో ఈ పండుగను పోపు గెలాసియస్ పెట్టాడన్నదీ ఊహే. ఆ ఉత్సవం ఫిబ్రవరి 15న జరిగేది; దాన్ని తప్పుపడుతూ గెలాసియస్ రాసిన లేఖలో వాలెంటైన్ ప్రస్తావనే లేదు.

ఈ కల్పనలను వ్యతిరేకించేవాళ్లలో కొందరు అసలు అలాంటి పునీతుడే లేడనీ, 1969లో కతోలిక సభ (చర్చి) ఆయన్ను జాబితాలోంచి కొట్టేసిందనీ అంటారు. అదీ సరికాదు. 4వ శతాబ్దంలో పోపు మొదటి జూలియస్ ఫ్లమీనియా రహదారిపై కట్టించిన బసిలికాను (పెద్ద చర్చిని) వాలెంటైన్ పేరుతోనే పిలిచేవారు. 1969లో తొలగించింది సార్వత్రిక ఆరాధన క్యాలెండరు నుంచి మాత్రమే. ఆ తేదీన ఇప్పుడు పునీత సిరిల్, మెథోడియస్‌ల స్మరణ జరుగుతుంది. రోమన్ వేదసాక్షుల పట్టికలో మాత్రం ఫిబ్రవరి 14 కింద, రోములోని మిల్వియన్ వంతెన దగ్గరి వేదసాక్షిగా వాలెంటైన్ పేరు ఇప్పటికీ ఉంది.