స్టూడియోని తిట్టే ముందు ఎపిసోడ్లు లెక్కపెట్టండి

నాలుగు రోజుల్లో ముగ్గురు ఫ్రెండ్స్ ఒకే మెసేజ్ పంపారు. "ఫ్రాంచైజీ సిరీస్‌లను చెడగొట్టేది స్టూడియోలే, రచయితను తన మానాన వదిలేస్తే ప్రతిదీ కళాఖండమే" అని. కింద ఐదు పాయింట్లు.

కథలన్నీ అల్గారిదమే రాస్తోందన్నది మొదటిది. ఒక్క ఉదాహరణా ఇవ్వలేదు. వదిలేద్దాం.

డిస్నీ వేలు పెట్టలేదు కాబట్టే 'స్టార్ వార్స్' సిరీస్ 'ఆండోర్' బాగుందన్నది రెండోది. సగం నిజం. మొదటి సీజన్ చివర్లో హీరోని పెంచిన తల్లి మార్వా అంత్యక్రియలు గుర్తున్నాయా? చనిపోయిన మనిషి హోలోగ్రామ్‌గా నిలబడి, సామ్రాజ్యం మీద తిరగబడమని జనాన్ని లేపుతుంది. ఆ ప్రసంగంలో చివరి మాటగా సిరీస్ సృష్టికర్త టోనీ గిల్‌రాయ్ టీమ్ మొదట అనుకున్నది పచ్చి బూతు. డిస్నీ వద్దంది, మార్చారు. అయినా ఆ సీన్‌కి నా ఒళ్లు జలదరించింది. ఐదు సీజన్ల ప్లాన్‌ని రెండుకి కుదించింది కూడా స్టూడియో కత్తెర కాదు. ఈ లెక్కన తీస్తూపోతే ఎప్పటికి పూర్తవుతుందని గిల్‌రాయ్, హీరో డియేగో లూనా తమంతట తామే తగ్గించుకున్నారు.

నాకు మండింది మూడో దగ్గర. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ముగింపుని హెచ్‌బీఓ చానల్ తొందరపెట్టి పాడుచేసిందట! మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు. ఏడోదానికి 7. 2019లో వచ్చిన ఎనిమిదోదానికి 6. ఇంకా తీసినా సంతోషమే అన్నది హెచ్‌బీఓ. మొత్తం 73 ఎపిసోడ్లతో చాలన్నది సిరీస్ సృష్టికర్తలు బెనియోఫ్, వైస్. అంటే మెసేజ్ కోరుకుంటున్న స్వేచ్ఛ అక్కడ పుష్కలంగా ఉంది మహాప్రభో! శత్రువుల ఊళ్లో లొంగిపోయామని గంటలు మోగాక రాణి డేనెరిస్ ఆ ఊరు మొత్తం తగలబెట్టేస్తుంది. ఆ మలుపు తప్పని నేననను, అక్కడిదాకా మనల్ని నడిపించడానికి ఇంకో నాలుగు ఎపిసోడ్లు కావాలి. అవి ఇస్తామన్నవాళ్లే ఇప్పుడు దోషులు. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే. ఇది పంపిన ముగ్గురిలో ఒకరు సిరీస్ అసలు చూడనే లేదు, అది వేరే సంగతి.

సృష్టికర్తకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదట, నాలుగోది. 1987లో 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' మొదలైనప్పుడు, అంతరిక్ష నౌకలోని మనుషులు తమలో తాము కీచులాడుకోకూడదని రూల్ పెట్టింది సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీయే. గొడవ లేకుండా డ్రామా ఎలా పుట్టించాలో తెలియక రచయితలు తల పట్టుకున్నారు. ఈ పెత్తనాన్ని ఏ ఖాతాలో రాద్దాం?

ఐదోది 'ట్విన్ పీక్స్' అనే హత్య మిస్టరీ సిరీస్. ఫ్రాంచైజీ అని దాన్ని ఎందుకు ఇరికించారో గానీ, ఇక్కడ మాత్రం నా దగ్గర జవాబు లేదు. లారా పామర్‌ని చంపిందెవరో తేల్చాలని ఏబీసీ చానల్ పట్టుబట్టింది. చెప్పడం సిరీస్ సృష్టికర్తల్లో ఒకరైన డేవిడ్ లించ్‌కి ఇష్టం లేదు. 1990 నవంబర్‌లో చెప్పేశారు, 1991లో సిరీస్ ఆగిపోయింది. బంగారు బాతుని వాళ్లే కోసుకున్నారు. మెసేజ్‌లో ఈ ఒక్క పాయింటే ఉండుంటే నేనే పదిమందికి పంపేదాన్ని.