డాలర్ తొంభై దాటితే నాకు పండుగట!

అమెరికాలో కొడుకు దగ్గర ఉండే నేను కొన్నాళ్లకని ఇక్కడికి వచ్చి, నిన్న సాయంత్రం నల్లగొండ ప్రకాశం బజారులో ఒక మందుల దుకాణానికి వెళ్లాను. డాక్టరు చీటీ చూపించి మూడు నెలలకు సరిపడా షుగరు మాత్రలు, బీపీ మాత్రలు కట్టించుకుంటుండగా, కౌంటరు వెనక ఉన్నతను, ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి లెక్కలు నేర్చుకున్నవాడే, నవ్వుతూ “సారూ, డాలర్ తొంభై దాటింది గద, ఇగ మీకేంది, పండుగే పండుగ” అన్నాడు. పక్కన నిలబడ్డ ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. పెద్దరికం కాపాడుకోవాలి కాబట్టి నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్న తరువాత మొదలైన మంట మాత్రం ఈ తెల్లవారుజాముకు కూడా చల్లారలేదు.

అమెరికాలో ఉంటున్నాడంటే డాలర్లు సంపాదిస్తున్నాడని ఎవరు చెప్పారు వీళ్లకు? నేను న్యూజెర్సీలో ఉద్యోగం చేయడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఈ జిల్లా బడుల్లో సుద్దముక్క పట్టుకుని, 2014లో రిటైరై, ఆ మరుసటి ఏడాది కొడుకు దగ్గరికి వెళ్లిన పింఛనుదారుణ్ణి. నా పింఛను రూపాయల్లో వస్తుంది, నా ఖర్చు డాలర్లలో అవుతుంది. డాలర్లలో సంపాదించి రూపాయల్లో ఖర్చు పెట్టేవాడికి రూపాయి పడిపోవడం పండుగే కావచ్చు. నాది దానికి సరిగ్గా తలకిందులు. ఈ రెండింటికీ తేడా తెలియనివాడికి ఎనిమిదో తరగతిలో పాస్ మార్కులు వేసింది నేనే కాబట్టి తప్పు ఎవరిదో కూడా నేనే ఒప్పుకోవాలేమో.

అసలు అతని తరగతికే ఈ లెక్క చెప్పాను. 1991 జూలైలో, పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయిన కొత్తలో, ఒకటో తేదీన ఒకసారి, మూడో తేదీన ఇంకోసారి రూపాయి విలువ తగ్గించినప్పుడు, 21 రూపాయలున్న డాలర్ 26 దాకా పోయింది. బడులు తెరిచి నెల కూడా కాలేదు, మన తెలంగాణ మనిషి ఢిల్లీలో కుర్చీ ఎక్కాడన్న సంబరంలో ఊరంతా ఉన్నది, నేను మాత్రం బోర్డు మీద ఒక లెక్క వేశాను: వంద రూపాయలకు అప్పుడు ఎన్ని డాలర్లు వచ్చేవి, ఇప్పుడు ఎన్ని వస్తాయి? సగం తరగతి డాలర్ పెరిగింది కాబట్టి ఎక్కువ వస్తాయని రాసింది. ముప్పై నాలుగేళ్లు గడిచినా ఆ సగం తరగతి ఇంకా అదే జవాబు చెబుతున్నదని నిన్న తెలిసింది.

ఇప్పుడు అదే లెక్క నా మీదే వేస్తాను. నేను రిటైరైన 2014లో డాలర్ 60 రూపాయల చుట్టూ ఉండేది. 2025 డిసెంబరులో 90 దాటింది. అంటే అప్పుడు వంద రూపాయలు పట్టుకెళ్తే ఒక డాలరూ అరవై ఏడు సెంట్లు చేతికి వచ్చేవి, 90 దగ్గర ఒక డాలరూ పదకొండు సెంట్లే వస్తాయి. మూడింట ఒక వంతు గాలికి పోయింది. దొంగ ఎత్తుకుపోయి ఉంటే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసి ఇచ్చేవాణ్ణి, దీనికి ఎక్కడ రాసివ్వాలి? విదేశీ మదుపరులు షేర్లు అమ్ముకుని పోయారనీ, అమెరికా 2025లో మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసిందనీ టీవీలో చెప్పారు. ఆ మదుపరుల్లో ఒక్కడు కూడా నాకు చుట్టం కాడు, ఆ సుంకం వేసినప్పుడు నన్నెవరూ అడగలేదు.

పింఛను పెరగలేదా అని అడుగుతారు. పెరిగింది, ఆగి ఆగి వచ్చే కరువు భత్యంతో పెరిగింది. అయితే ఆ భత్యం ఇక్కడి ఉల్లిగడ్డ ధరను, కందిపప్పు ధరను చూసి కొలిచేదే తప్ప న్యూజెర్సీ మంగలి కొట్టు ధరను చూసి కొలిచేది కాదు. అక్కడ కటింగ్ చేయించుకుంటే టిప్పుతో కలిపి 25 డాలర్లు, అంటే 2,250 రూపాయలు. నల్లగొండలో దిగిన మర్నాడే క్లాక్ టవర్ దగ్గర తల అప్పగించి కూర్చున్నాను, మళ్లీ విమానం ఎక్కే ముందు రోజు కూడా కూర్చుంటాను. దీన్ని పిసినారితనం అనుకునేవాళ్లు అనుకోవచ్చు.

అసలు గాయం వైద్యం దగ్గర ఉన్నది. అమెరికాలో 65 దాటిన గ్రీన్ కార్డు వాళ్లు అయిదేళ్లు అక్కడ నివాసం ఉంటే మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరవచ్చు. అక్కడ పదేళ్లు ఉద్యోగం చేసి పన్ను కట్టినవారికి ఆసుపత్రి భాగం, అంటే పార్ట్ ఏ, ఉచితం. నా సర్వీసంతా మిర్యాలగూడ, దేవరకొండ బడుల్లో గడిచింది కాబట్టి అందులో ఒక్క రోజు కూడా అక్కడ లెక్కకు రాదు, ఇక్కడి సర్వీసును అక్కడ లెక్కించే సామాజిక భద్రత ఒప్పందమే భారతదేశానికీ అమెరికాకూ మధ్య లేదు. కాబట్టి పూర్తి ప్రీమియం నేనే కట్టాలి. 2025లో పార్ట్ ఏకు 518 డాలర్లు, డాక్టరు ఫీజుల భాగమైన పార్ట్ బీకి 185, కలిపి నెలకు 703. 2026 జనవరి నుంచి 565, దాని మీద 202 డాలర్ల 90 సెంట్లు, అంటే సుమారు 768. ఒక్క మనిషికి!

మా ఇంట్లో ఒప్పందం ఏమిటంటే వాళ్ల అమ్మ ప్రీమియం అబ్బాయి కడతాడు, నాది నేను కట్టుకుంటాను. 2025 జనవరిలో 86 రూపాయల లెక్కన నాకు 60,458 రూపాయలు అయింది. నా పింఛను 64 వేలు. మూడున్నర వేలు మిగిలేవి, ఆ మూడున్నర వేలతో మనవరాలికి ఏదో ఒకటి కొనిపెట్టి తాతననిపించుకునేవాణ్ణి. 2026 జనవరిలో 90 లెక్కన 69,120 అయింది. పెరిగిన 8,662 రూపాయల్లో 5,590 అమెరికా ప్రభుత్వం ధర పెంచినందుకు, మిగతా 3,072 కేవలం రూపాయి పడినందుకు. ఆ 5,590 గురించి నేను పోట్లాడను, ధరలు ఎక్కడైనా పెరుగుతాయి. ఈ 3,072కు నేను అదనంగా పొందిన వైద్యం ఏమిటో ఎవరైనా చెప్పగలరా? పైగా పత్రికలో వేసే 90 బ్యాంకులో 90 కాదు, అమ్మేటప్పుడు వాళ్ల రేటు వేరు. దానికి తోడు పింఛను పడే ఎన్ఆర్ఓ ఖాతాలో, అంటే విదేశంలో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతాలో, వచ్చే నాలుగు పైసల వడ్డీ మీద 30 శాతం పన్ను ముందే కోసుకోవడం, డబ్బు పంపాలంటే పన్ను ఫారాలు, వాటి మీద చార్టర్డ్ అకౌంటెంటు సంతకం, ఆ సంతకానికి ఫీజు.

మొత్తం మీద ఈ నెల నా పింఛను నా ప్రీమియానికి కూడా చాలలేదు. డెబ్బై ఏళ్ల వయసులో, అయిదు వేల రూపాయలు తక్కువ పడ్డాయని కొడుకుకు చెప్పాల్సి వచ్చింది. వాడు “దానిదేముంది నాన్నా” అన్నాడు. వాడు మంచివాడే, అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది. దుకాణంలో నవ్విన వాళ్లకు పండుగంటే ఇదని చెప్పాలనిపించింది.

ఇండియాకే వచ్చి ఉండవచ్చు కదా అని సలహా ఇవ్వడానికి కొందరు సిద్ధంగా ఉంటారు. నా భార్యకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది, ఉన్నది ఒక్కడే కొడుకు. ఇంతకన్నా వివరం చెప్పను.

ఇక మా వరుస బావమరిది సంగతి. ఊళ్లో బొడ్రాయి ప్రతిష్ఠ చేస్తున్నారు, మంచిదే, నాకూ భక్తి ఉన్నది. చందా లెక్క రాసింది ఆయనే. ఊళ్లో ఇంటికి 5 వేలు. నా పేరు ఎదురుగా 500 డాలర్లు, అంటే 45 వేలు. ఇదేమిటని ఫోనులో అడిగితే “బావా, డాలర్ పెరిగింది గద, నీకు బరువెక్కడిది?” అన్నాడు. డాలర్ పెరిగిన కొద్దీ ఆ 500 డాలర్లు నాకు బరువవుతాయని చెప్పబోయాను, అప్పటికే ఆయన ఫోను ఇంకెవరికో ఇచ్చాడు.

ఈయన ఎవరో చెబితే మీకు అర్థమవుతుంది. 2001లో అబ్బాయిని చదువుకు పంపడానికి రెండెకరాల బత్తాయి తోట అమ్మాను. కొన్నది ఈయనే. అవసరం నాదని తెలుసు కాబట్టి నెల రోజులు బేరం నానబెట్టి రెండున్నర లక్షలకు తెంచాడు. డాలర్ అప్పుడు 47 రూపాయలు, కాపుకు వచ్చిన తోట మొత్తం అమ్మితే అయిదు వేల మూడు వందల డాలర్లు వచ్చాయి, అవి ఒక సెమిస్టరు ఫీజుకే సరిపోయాయి. అంటే రూపాయి బలహీనత నాకు అమెరికా వెళ్లాక మొదలైంది కాదు, ఊళ్లో ఉన్నప్పుడే దాని ధర చెట్లతో సహా చెల్లించాను. ఇప్పుడు ఆ తోట పక్కనుంచి నాలుగు వరుసల రోడ్డు పోతున్నది, ఎకరం కోటి దాటిందని ఆయనే అందరికీ చెబుతుంటాడు. కోట్ల భూమి మీద కూర్చున్న మనిషి రైతు కోటాలో 5 వేలు రాసుకుంటాడు, పింఛను చాలక మాత్రలు ఇక్కడ కొనుక్కుని సూట్‌కేసులో సర్దుకుపోయే నేను డాలర్ల దొరను.

ఈ ఉదయం చందా పంపించాను, 5,116 రూపాయలు. ఊరి వాట్సాప్ గ్రూపులో రసీదు కూడా పెట్టాను. నిన్న మొన్న పంపినవాళ్లందరికీ కింద దండాలు, పూలు వరసగా పడ్డాయి. నాది పెట్టి నాలుగు గంటలవుతున్నది, అందరూ చూసినట్టు నీలం గీతలు మాత్రం కనిపిస్తున్నాయి.