ఎండిన శనక్కాయలో కాచుకున్న సాల్మొనెల్లా

అనంతపురం పల్లెల్లో సంగటి పక్కన ఊరుబిండి, అంటే వేయించిన శనక్కాయలు, చింతపండు కలిపి రుబ్బిన పచ్చడి, ఉండాల్సిందే. అది తిన్నాక వాంతులు, విరేచనాలు పట్టుకుంటే నీళ్లను అనుమానిస్తాం, చేతులను అనుమానిస్తాం. వేయించిన శనక్కాయల మీదికి మాత్రం ఎవరి చూపూ పోదు.

శనక్కాయ మట్టిలో ఊరేది. ఆ మట్టిలో గొర్రెల మంద కట్టించి ఉంటారు. పీకిన కట్టెను వామి వేస్తే ఎలుకలు, బల్లులు చేరతాయి. వాటి పెంటికల్లో సాల్మొనెల్లా, అంటే వాంతులు, విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియా, ఉండొచ్చు. మన ఎండకు మాడి చస్తుందనుకోవడం పొరపాటు. తడి ఆరేకొద్దీ అది పెరగడం ఆపేస్తుంది గానీ పూర్తిగా చావదు. ట్రెహలోజ్ అనే చక్కెరను లోపల పోగేసుకుని, ప్రొటీన్లు చెదరకుండా కాపాడుకుంటూ నెలల తరబడి పడి ఉంటుంది.

అసలు చిక్కు వేడి దగ్గర. దాని ప్రొటీన్లు త్వరగా చెదిరిపోవాలంటే వేడికి నీరు తోడవ్వాలి. అందుకే ఉడికే కూరలో 75 డిగ్రీలకే క్షణాల్లో చచ్చే సాల్మొనెల్లా, నూనె నిండిన శనక్కాయ ముద్దలో 90 డిగ్రీల దగ్గర కూడా చాలా నిమిషాలు తట్టుకుంటుంది. 2008-09లో అమెరికాలో సాల్మొనెల్లా చేరిన పీనట్ బటర్ (శనక్కాయ ముద్ద) వల్ల 714 మంది జబ్బుపడ్డారు.

కడుపులో ఆమ్లం ఉందిగా అంటారా? నూనె పొర కొంత అడ్డుపడుతుంది. చింతపండు పులుపు కూడా నమ్మదగ్గ కాపలా కాదు: చంపేంత గాఢత లేని పులుపులో కాసేపు ఉన్న సాల్మొనెల్లా ఆమ్లానికి అలవాటుపడి, జఠరరసాన్ని ఇంకా బాగా తట్టుకుంటుంది. పేగులోకి చేరాక మరీ ఘోరం. అది రేపిన వాపులోనే టెట్రాథయోనేట్ అనే గంధక పదార్థం తయారవుతుంది. దాన్ని ఆక్సిజన్‌కు బదులుగా వాడుకుని, మన మంచి బ్యాక్టీరియాను వెనక్కి నెట్టేస్తుంది.

కాబట్టి బాణలిలో గుప్పెడు గుప్పెడుగా, పలచగా, సన్నమంట మీద వేయించాలి. నలిపితే పొట్టు రాలాలి, గింజ విరిస్తే లోపల కూడా రంగు మారాలి. పెద్ద మంట మీద పైన మాడి, నడుమ పచ్చిగా మిగిలితే లాభం లేదు. వేయించినవి పచ్చికాయలు చెరిగిన చేటలో మళ్లీ పోయకూడదు, వాటి సంచిలోకి తిప్పి వేయకూడదు. పచ్చివాటి సాల్మొనెల్లా మళ్లీ అంటుకునేది ఇక్కడే.

నీళ్లు పోసి రుబ్బిన క్షణం నుంచి లెక్క మారుతుంది. తడి దొరికిన సాల్మొనెల్లా 37 డిగ్రీల దగ్గర అరగంటలోపే రెట్టింపవుతుంది, మన వేసవి మధ్యాహ్నం వంటిల్లు అంతే వేడి. అంత వేడిలో ఊరుబిండి గంటలోపే తినేయాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. మిక్సీ జారు మూత రబ్బరు ఊడదీసి, సందులో ఇరుక్కున్న ముద్ద కడిగి ఆరబెట్టాలి.