మహారాజశ్రీ లైసెన్స్ ఫైలు గారికి

మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ కోడ్ దాచుకునే రిపోల్లో రీడ్‌మీ పక్కనే ఉంటూ, ఏళ్ల తరబడి ఎవరూ తెరిచి చూడని లైసెన్స్ ఫైలు గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మా వైపు కుశలం ఏమీ లేదండీ. మొన్నటిదాకా ఒకే మ్యాప్ యాప్ మీద కలిసి పనిచేసినవాళ్లం ఇప్పుడు రెండు రిపోలు, రెండు చాట్ గ్రూపులు, రెండు ఐకాన్లు అయిపోయాం. ఒకరి పుల్ రిక్వెస్టులు, అంటే ఈ మార్పు కలుపుకోండని పెట్టే అర్జీలు, ఇంకొకరు చూడరు, చూసినా చూడనట్టే ఉంటారు, కాకపోతే అవతలి రిపోలో మంచి కమిట్, అదే కోడ్ మార్పు, ఏదైనా కనిపిస్తే మాత్రం చడీచప్పుడు లేకుండా తెచ్చేసుకుంటారు. రెండు రిపోల్లోనూ మీరే ఉన్నారు, అక్షరం తేడా లేకుండా.

గొడవ మొదలైన రోజు నుంచి అందరూ మీ పేరే ఎత్తుతున్నారు. అందుకే మీకే రాద్దామనిపించింది.

ముందు మీ గొప్పతనం చెప్పాలి. వాడుకో, కాపీ చేసుకో, మార్చుకో, పంచుకో అని ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా సంతకం అడక్కుండా ఇచ్చేస్తారు. ఆ వెంటనే పెద్దక్షరాల్లో గొంతు చించుకుంటూ ఒక పేరా: ఉన్నది ఉన్నట్టు తీసుకోండి, ఏ హామీ లేదు, ఏం జరిగినా మా పూచీ కాదు. మ్యాప్ ఎడమకు తిరగమంది కదా అని బండిని తిన్నగా చెరువులో దింపినవాడు మీ దగ్గరికొచ్చి మొత్తుకునే వీల్లేదు. ఇంత దానగుణం, ఇంత జాగ్రత్త ఒకే పేజీలో ఇమిడ్చారంటే మామూలు విషయం కాదు.

కానీ మీరు ఇవ్వనివి ఉన్నాయి. మార్పులను అసలు కోడ్‌లో కలిపే మర్జ్ బటన్ ఎవరి చేతిలో ఉండాలో మీలో ఎక్కడా రాసి ఉండదు. యాప్ స్టోర్ ఖాతా ఎవరిది, డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, ఫోన్లలోకి మ్యాప్ ఫైళ్లు దిగే సర్వర్ బిల్లు ఎవరు కడుతున్నారు, విరాళాలు ఏ ఖాతాలో పడుతున్నాయి, పడినవి ఎవరు తీస్తున్నారు, ఇవేవీ మీకు పట్టవు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు చూడండి, అచ్చం అదే. కోడ్ అంతా నాదే, ఈ నిమిషమే దించుకోవచ్చు, కానీ నేను సరిచేసిన ఒక్క బగ్ జనం ఫోన్ల దాకా వెళ్లాలంటే ఎక్కడో ఎవరో కరుణించాలి.

ఈ సంగతి అడగబోతే ఏమవుతుందో మీరు చూస్తూనే ఉన్నారు. ఒకాయన అమాయకంగా, "మ్యాప్ ఫైళ్లు ఇచ్చే సర్వర్ కోడ్ మాత్రం బయట పెట్టలేదేంటి?" అంటాడు. మొదటి జవాబు, లైసెన్స్ చదువుకో. రెండో మనిషి "నేను లాయర్‌ని కాదు గానీ" అని ఎత్తుకుని ఏ లాయరూ రాయనంత పొడుగు రాస్తాడు. మూడోవాడికి అడిగినాయన ఇప్పటిదాకా ఎన్ని కమిట్లు చేశాడో లెక్క కావాలి. నాలుగోవాడు, మార్చి పంచేవాళ్లు తమ కోడ్ కూడా ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్స్ మొదటే పెట్టి ఉంటే ఈ ఖర్మ పట్టేది కాదంటాడు, ఐదోవాడు జీపీఎల్ పెట్టి ఉంటే ఫలానా స్టోర్‌తో తంటాలొచ్చేవంటాడు, ఇక ఆ ఇద్దరూ తెల్లారేదాకా వదలరు. ఆఖర్న విసుగెత్తిన ఒక పెద్దమనిషి "నచ్చకపోతే ఫోర్క్ చేసుకో", అంటే కోడ్ కాపీ పట్టుకుని వేరుకాపురం పెట్టుకో అని తీర్పిచ్చేసి చర్చకు తాళం వేస్తాడు. సర్వర్ ప్రశ్న వేసినచోటే ఉంటుంది. సర్వర్ గురించి అడిగితే మీ గురించి మాట్లాడటం ఎందుకంటే, మీరు నోరెత్తరు కాబట్టి. డబ్బులు ఎవరి దగ్గరున్నాయని అడగాలంటే ఎదుటి మనిషితో తగువు పెట్టుకోవాలి.

మీ మీద నేరుగా జరిగిన యుద్ధాలూ లేకపోలేదు. 2004లో మొదలైన, జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చాలాకాలం క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద నడిచింది. అది రచనలకూ ఫోటోలకూ రాసిన లైసెన్స్. రోడ్డు ఎక్కడ మలుపు తిరిగిందనే వాస్తవానికి కాపీరైటే లేదనే దేశాల్లో అది ఎంతవరకు నిలబడుతుందన్న అనుమానం వచ్చింది. ఏళ్ల తరబడి వాదించుకుని, డేటాబేస్‌ల కోసమే రాసిన ఓడీబీఎల్‌కి మారారు. 2012 సెప్టెంబర్ 12న అది అమల్లోకి వచ్చింది. మారడం అంటే ఫైలు పేరు మార్చడం కాదు కదా, గీసిన ప్రతి మనిషినీ అడగాలి. కొందరు ససేమిరా అన్నారు, కొందరు ఎప్పుడో ఖాతా వదిలేసి పోయారు, ఉత్తరం రాసినా పలికే దిక్కు లేదు. అలాంటివాళ్లు గీసినదంతా తొలగించడానికి ఆ జులైలో ఒక బాట్‌ని, అంటే దానంతటదే పనిచేసుకుపోయే ప్రోగ్రాంని, మ్యాప్ మీదికి వదిలారు. ఒక వీధిని మొదట గీసినవాడు ఒప్పుకోకపోతే, ఆ తర్వాత పేరు పెట్టినవాడు, వన్‌వే గుర్తు వేసినవాడు, మలుపు సరిచేసినవాడు అందరూ ఒప్పుకున్నా ఆ గీత లేచిపోవాల్సిందే. ఆస్ట్రేలియా, పోలండ్‌లలో దెబ్బ గట్టిగానే తగిలింది. మిగిలినవాళ్లు కూర్చుని అదే వీధిని, అదే మలుపుతో మళ్లీ గీశారు. ఒప్పుకోనివాళ్లలో కొందరు పాత డేటా పట్టుకుని వేరుకుంపటి పెట్టారు. ఇంత రభసలోనూ కొత్త ఖాతా తెరిచేచోట ఒక టిక్కు పెట్టె ఉండేది, "నేను గీసింది పబ్లిక్ డొమైన్ అని నా ఉద్దేశం" అని చెప్పుకోవడానికి. టిక్కు పెట్టినా డేటా మాత్రం మీ కిందే బయటికి వెళ్లేది. ఆ పెట్టె ఉద్దేశం మనశ్శాంతి అని నా అనుమానం.

అయితే ఆ గొడవలోంచి ఒక మంచి పని జరిగింది. ఇకముందు లైసెన్స్ మార్చాలంటే ఎవరిని అడగాలో రాసిపెట్టుకున్నారు. కొత్తది కూడా స్వేచ్ఛగా వాడుకునే ఓపెన్ లైసెన్సే అయి ఉండాలి, చురుగ్గా గీస్తున్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఔననాలి. చురుగ్గా అంటే గత 12 నెలల్లో కనీసం మూడు వేర్వేరు నెలల్లో మ్యాప్ మీద చెయ్యి పెట్టి ఉండాలి, మెయిల్ వస్తే మూడు వారాల్లోపు జవాబివ్వాలి. బాగుంది. మరి ఆ మ్యాపు వెనకున్న సంస్థ, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్, బోర్డుకు ఓటెయ్యాలంటే? దానికి లెక్క వేరు. ఏడాదికి 15 పౌండ్లు కట్టి ఫౌండేషన్ సభ్యులవ్వాలి, లేదా ఏడాదిలో 42 రోజులు మ్యాపింగ్ చేసి ఉండాలి. అంటే ఒకే మనిషి లైసెన్స్ విషయంలో చురుకైనవాడు, బోర్డు విషయంలో సోమరిపోతు అయ్యే అవకాశం ఉంది. నలభై రెండే ఎందుకు, నలభై ఎందుకు కాదు అని నేను అడగను, అడిగితే దాని మీద ఇంకో చర్చ మొదలవుతుంది.

నియమం రాసినంత మాత్రాన పొద్దు పొడిచినట్టు కాదు లెండి. 2018 నవంబర్‌లో, బోర్డు ఎన్నికలు ఇంకొన్ని వారాల్లో ఉన్నాయనగా, ఒకే కంపెనీ ఉద్యోగులు సుమారు వంద మంది ఒకే రోజు సభ్యత్వానికి దరఖాస్తు పెట్టారు. అంతమందికి ఒకేసారి మ్యాపుల మీద అంత ప్రేమ పుట్టడం చూసి మిగతా సభ్యుల కళ్లు చెమర్చి ఉంటాయి. విచారణ జరిగింది, నివేదిక వచ్చింది. లక్షల కొద్దీ ఖాతాలున్న ప్రాజెక్టులో ఓటున్నవాళ్లు కొద్దిమందే అయితే, ఆ కొద్దిమందిలో వంద అంటే ఎంతో అప్పుడు అందరికీ అర్థమైంది. మీలో ఎన్ని క్లాజులున్నా ఇలాంటిది ఆపలేవు. దాన్ని బయటపెట్టింది దరఖాస్తులు పక్కపక్కన పెట్టి చూసిన జీతం లేని మనుషులు.

మీ దగ్గర ఇంకో సుగుణం ఉంది, నిలకడ లేకపోవడం. 2020 డిసెంబర్ సంగతి గుర్తుందా? బ్రౌజర్లో మ్యాపులు గీసే మ్యాప్‌బాక్స్ జీఎల్ జేఎస్ అప్పటిదాకా ఎవరైనా వాడుకోనిచ్చే బీఎస్‌డీ లైసెన్స్ కింద ఉండేది. రెండో వెర్షన్ వచ్చేసరికి మీ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. ఖాతా తెరవాలి, టోకెన్ తీసుకోవాలి, మీ సొంత డేటా చూపించుకున్నా మ్యాప్ తెరిచినప్పుడల్లా మీటరు తిరుగుతుంది. చట్టం ప్రకారం అందులో తప్పు పట్టడానికేం లేదు, కోడ్ వాళ్లది, ఇష్టం వాళ్లది. పాత వెర్షన్ మీద మీ మాట ఎప్పటికీ చెల్లుతుంది, రేపటి వెర్షన్ మీద చెల్లదు, ఈ ముక్క మీరు ఏనాడూ దాచిపెట్టలేదు, మేమే వినిపించుకోలేదు. ఆ పాత కోడ్ పట్టుకుని కొందరు మ్యాప్‌లిబ్రె మొదలుపెట్టారు. వాళ్లు చేసిన తెలివైన పనేంటంటే, కోడ్‌తో పాటు బోర్డును ఎలా ఎన్నుకోవాలో కూడా రాసుకున్నారు. కోడ్ ఎలాగూ మీ పుణ్యమా అని ఉచితంగా వచ్చింది కాబట్టి మిగిలిన ఓపిక దాని మీద పెట్టారనుకుంటా.

ఇంకో వంశవృక్షం చెబుతాను, మీరే సాక్షి. మ్యాప్స్ డాట్ మీ అని ఆఫ్‌లైన్ మ్యాప్ యాప్ ఉండేది. 2014లో దాన్ని రష్యా కంపెనీ మెయిల్ డాట్ ఆర్‌యూ కొంది, 2015లో కోడ్ అపాచీ లైసెన్స్ కింద బయటికొచ్చింది, 2020లో యాప్ మళ్లీ చేతులు మారింది. వాడేవాళ్లు గొల్లుమన్నారు. పాత కోడ్ తీసుకుని, అందులో కొందరు మొదటి రూపకర్తలే, ఆర్గానిక్ మ్యాప్స్ అని నడిపారు. ట్రాకింగ్ లేదు, ప్రకటనలు లేవు, అందరూ హాయిగా ఉన్నారు. 2025లో ఆ ప్రాజెక్టుకే పనిచేసే కాంట్రిబ్యూటర్లు దాని వాటాదారులకు బహిరంగ లేఖ రాశారు. లెక్కలు చూపించండి, నిర్ణయాలు ఎవరు ఎలా తీసుకుంటున్నారో చెప్పండి, ఇది సమాజానిదంటూ కంపెనీగా నడపడమేంటి అన్నవి వాళ్ల ఫిర్యాదులు. బేరసారాలు కుదరలేదు, కోమ్యాప్స్ పుట్టింది. ఫోర్క్‌కి ఫోర్క్. ఈ వ్యవహారం పొడుగునా మీరు ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. పేచీ వచ్చిందల్లా వాటాలూ లెక్కలూ తాళంచెవుల దగ్గరే. అయినా చూడబోతే వాదించుకున్నవాళ్లలో సగం మంది చేతిలో మీ కాపీయే ఉంది.

మధ్యలో చిన్న సంగతి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా వాడితే కాంట్రిబ్యూటర్ల పేరు మ్యాప్ మీద కనిపించాలని మీరు కోరతారు. చాలా న్యాయం. ఫౌండేషన్ మార్గదర్శకాల ప్రకారం అయిదు సెకన్ల తర్వాత ఆ పేరు దానంతటదే మడతపడిపోవచ్చు. కొందరు మహానుభావులు ఆ అయిదు సెకన్లు కూడా ఓర్చుకోలేక, ఫోన్ తెరమీద ఓ మూలన చీమ తలకాయంత గుండ్రటి బొత్తాం పెట్టి, అది నొక్కితే అయిదో పేరాలో ఆ పేరు కనబడేలా చేస్తారు. తమ లోగో మాత్రం సముద్రం మధ్యలో కూడా మెరుస్తూనే ఉంటుంది. వందకు తక్కువ అంశాలు తీసుకుంటే అది పెద్ద మొత్తం కిందికి రాదని, షరతులు అంటవని ఇంకో మార్గదర్శకం. తొంభై తొమ్మిది బస్టాపులు తీసుకుని ఆగిపోయే నిజాయితీపరుణ్ణి ఎప్పటికైనా చూడాలని ఉంది.

అన్నీ ఇలాగే ఏడుస్తున్నాయా అంటే లేదు. మ్యాపులు తయారుచేసి విశ్లేషించే క్యూజీఐఎస్ 2002 నుంచి నడుస్తోంది. జీపీఎల్, మార్చే ఊసే లేదు. స్విట్జర్లాండ్‌లో నమోదైన ఒక సంఘం ఉంది, దేశాల యూజర్ గ్రూపులకు తలా ఒక ఓటు, అన్నే ఓట్లు కమ్యూనిటీ ప్రతినిధులకు కూడా, స్టీరింగ్ కమిటీ, బడ్జెట్. వాళ్ల సమావేశాల నివేదికలు చదివితే హాయిగా నిద్రపడుతుంది, నేను గ్యారంటీ. ఓపెన్ సోర్స్‌లో ఇంతకంటే పెద్ద పొగడ్త నాకు తెలియదు.

కాబట్టి నా విన్నపం మీరు మారాలని కాదు. అపాచీ గారైనా, ఎమ్ఐటీ గారైనా, జీపీఎల్ గారైనా మాకు సమ్మతమే. మీ పక్కన ఇంకో చిన్న ఫైలును కూర్చోనివ్వండి. డొమైన్ ఎవరి పేరు మీద ఉందో అందులో ఉండాలి. స్టోర్ ఖాతాలోకి వెళ్లగలిగేవాళ్లు ఒక్కరు కాకుండా ఇంకొకరైనా ఉండాలి, ఆ ఒక్కరు అలిగినా, పెళ్లి చేసుకున్నా, కంపెనీ అమ్మేసినా అప్‌డేట్లు ఆగకూడదు. విరాళం ఎంతొచ్చింది, సర్వర్‌కి ఎంత పోయింది అన్నది మూడు నెలలకోసారి నాలుగు వరుసల్లో రాస్తే చాలు, ఆడిటర్ అక్కర్లేదు. మెయింటైనర్‌ని ఎలా చేర్చుకోవాలి, ఇష్టం లేకపోయినా ఎలా తప్పించాలి అన్న రెండో ముక్క రాసేటప్పుడే అందరి చేతులూ వణుకుతాయి, అందుకే అది స్నేహంగా ఉన్నప్పుడే రాసుకోవాలి.

నిజానికి ఆ ఫైలు నేనే రాసి మా రిపోకి పుల్ రిక్వెస్ట్‌గా పంపాను. ఎవరూ కాదనలేదు. బాగుందనే అన్నారు, బొటనవేళ్లు కూడా చాలానే పడ్డాయి. కానీ ఇలాంటి మార్పును ఎంతమంది ఆమోదిస్తే మర్జ్ చెయ్యొచ్చో ఎవరికీ తెలియడం లేదు. ఆ నియమం నేను పంపిన ఫైల్లో మూడో పేరాలో ఉంది.

ఇట్లు,
మీ కింద పనిచేసే అనేకానేక కాంట్రిబ్యూటర్లలో ఒకరు