777 కొట్టేసి వెళ్ళిపోతే సైట్ పెట్టినట్టు కాదు

పలాసలో జీడిపప్పు అమ్మేవాళ్ళు, బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళు, పొందూరు ఖాదీ వ్యాపారులు, అరసవల్లి చుట్టుపక్కల లాడ్జిలవాళ్ళు... ఇప్పుడు అందరికీ సొంత వెబ్‌సైట్ కావాలి. మంచిదే. చాలామందికి వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) మీదే కట్టి ఇస్తున్నారు, అదీ మంచిదే. నా బాధల్లా దాన్ని సర్వర్ (సైటు నడిచే కంప్యూటర్) మీదకి ఎక్కించే తీరు గురించే. బేగి అయిపోవాలి, అంతే. ఎర్రర్ కనబడగానే నెట్లో దొరికిన మొదటి కమాండ్ కొడతారు, ఎర్రర్ పోగానే డబ్బులు తీసుకుని వెళ్ళిపోతారు. అది ఎందుకు వచ్చిందో తెలుసుకోకుండా నోరు నొక్కేస్తే, దాని ఫలితం తర్వాతెప్పుడో షాపు ఓనరు అనుభవిస్తాడు.

ముందు 777 సంగతి. ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే అదనపు ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చెయ్యబోతే వర్డ్‌ప్రెస్ ఎఫ్‌టీపీ (ఫైళ్ళు పంపే పద్ధతి) లాగిన్ వివరాలు అడుగుతుంది. వెంటనే ఫోల్డర్ మొత్తానికి 777 కొట్టేస్తారు, చదవడం, రాయడం, నడపడం అన్నీ అందరికీ ఇచ్చే అనుమతి అంకె అది. అంటే ఆ సర్వర్‌లో ఉన్న ఏ యూజరైనా, ఏ ప్రోగ్రామైనా ఆ ఫైళ్ళని మార్చేయవచ్చు. పోనీ, ఇంత చేసినా ఆ ప్రశ్న పోతుందా? చాలాసార్లు పోదు. వర్డ్‌ప్రెస్ ఒక తాత్కాలిక ఫైలు తయారుచేసి, దాని ఓనరూ తన సొంత ఫైళ్ళ ఓనరూ ఒక్కరేనా అని పోల్చి చూసుకుంటుంది. ఫైళ్ళేమో రూట్ (సర్వర్ మొత్తానికీ పెద్ద యూజర్) పేరుతో ఎక్కించారు, వర్డ్‌ప్రెస్‌ని నడిపే పీహెచ్‌పీ నడిచేదేమో వెబ్ సర్వర్ వాడే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్ కింద. ఇంక ఎలా కలుస్తాయి? తేడా ఓనరులో ఉంటే అంకెలు మార్చి ఏం లాభం?

చెయ్యాల్సింది ఇది. సైటుకో లినక్స్ యూజర్, ఆ యూజర్ పేరుతో ఒక పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం పూల్ (పీహెచ్‌పీని నడిపే ప్రాసెస్‌ల గుంపు), సైట్ ఫైళ్ళన్నీ ఆ యూజర్ సొంతం. ఫోల్డర్లకి 755, ఫైళ్ళకి 644 (ఓనరు మార్చగలడు, మిగతావాళ్ళు చదవగలరంతే), డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌కి 600 (ఓనరు ఒక్కడికే). పూల్ సాకెట్‌కి (బయటివాళ్ళు పూల్‌తో మాట్లాడే ఫైలు) మాత్రం ఓనరుగా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటానే పెట్టాలి, లేకపోతే పేజీలు అందించే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్ దాన్ని ముట్టుకోలేక 502 ఎర్రర్ చూపిస్తుంది. సైటుని యూజర్ హోమ్ ఫోల్డర్‌లో పెట్టకండి. ఉబుంటు లినక్స్ 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్లు 750తో (బయటి యూజర్లకి తలుపు మూసి) వస్తున్నాయి, ఇంజిన్‌ఎక్స్‌కి లోపలికి రావడమే కుదరదు. అక్కడ కూడా మళ్ళీ 777 కొట్టేవాళ్ళున్నారు! హాయిగా వార్ ఫోల్డర్ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూలో (/var/www) పెట్టుకోండి.

ఇలా విడివిడిగా పెట్టడం చాదస్తం కాదు. ఒకే సర్వర్‌లో ఐదు దుకాణాల సైట్లు ఒకే యూజర్ కింద నడుస్తుంటే, ఒకదాంట్లో పాత ప్లగిన్ గుండా ఎవడైనా దూరితే మిగతా నాలుగింటి డేటాబేస్ పాస్‌వర్డులు కూడా చదివేస్తాడు. జీడిపప్పు సైట్ ప్లగిన్ అప్‌డేట్ చెయ్యనందుకు వీణల సైట్ బలి. దీనితోపాటే, అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైలు నడవకుండా ఆపాలి. ఫొటోలుండే చోట పీహెచ్‌పీకి పనేంటి? ఇంజిన్‌ఎక్స్‌లో ఈ రూలు మామూలు పీహెచ్‌పీ లొకేషన్ బ్లాక్ కంటే పైన రాయాలి. రెజెక్స్ (నమూనాతో పోల్చే) లొకేషన్లలో ఫైల్లో ముందు కలిసిందే అమలవుతుంది, కింద రాస్తే ఉన్నా లేనట్టే.

ఇక ర్యామ్. విజయనగరంలో సిరిమానోత్సవం వస్తుంది, దసరా తర్వాత మంగళవారం. అరసవల్లిలో రథసప్తమి. లాడ్జివాళ్ళ సైటుకైనా, ట్రావెల్స్ సైటుకైనా ఏడాది మొత్తంలో అసలైన రోజులు అవే. సరిగ్గా ఆ రోజే తెర మీద "డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్" అని వస్తుంది. ఎవరో డేటాబేస్ ప్రోగ్రామైన మారియాడీబీని రీస్టార్ట్ చేస్తారు, గంటలో మళ్ళీ పడుతుంది. తప్పు డేటాబేస్‌ది కాదు. 1 జీబీ సర్వర్ తీసుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్‌కీ మారియాడీబీకీ కలిపి సగం దాకా పోతుంది. ప్లగిన్లు దట్టించిన సైటులో ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 60 నుంచి 80 ఎంబీ తినడం మామూలే. మిగిలిన 500 ఎంబీలో ఆరు ప్రాసెస్‌లు పడతాయి. ఒకేసారి ఎన్ని పీహెచ్‌పీ ప్రాసెస్‌లు నడవచ్చో చెప్పే మ్యాక్స్ చిల్డ్రన్ అన్నచోట 50 పెడితే జనం రాగానే మెమొరీ అయిపోతుంది, అప్పుడు లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఎక్కువ మెమొరీ పట్టుకున్న ప్రాసెస్‌ని చంపుతుంది. చాలావరకు అది మారియాడీబీయే. కెర్నల్ లాగ్‌లో అవుట్ ఆఫ్ మెమొరీ అని వెతకండి, టైముతో సహా కనబడుతుంది.

ఆ మ్యాక్స్ చిల్డ్రన్ అంకె తగ్గించండి, 1 జీబీ స్వాప్ (డిస్కులో అదనపు మెమొరీ) పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం పేజీ క్యాష్, అంటే ఒకసారి తయారైన పేజీని దాచి మళ్ళీ మళ్ళీ ఇవ్వడం. గదుల రేట్లు, బస్సుల టైములు వందమంది అడిగినా పేజీ ఒకటే కదా. ఇంజిన్‌ఎక్స్ ఫాస్ట్‌సీజీఐ క్యాష్ ఒక్క నిమిషానికి పెట్టినా చాలు, ఆ నిమిషంలో ఎంతమంది వచ్చినా పీహెచ్‌పీ దాదాపు ఒక్కసారే కష్టపడుతుంది. లాగిన్ అయినవాళ్ళని, అడ్మిన్ పేజీల్ని, ఫారాలు పంపే రిక్వెస్టుల్ని క్యాష్ నుంచి తప్పించాలి. ఊకామర్స్ (వర్డ్‌ప్రెస్‌లో దుకాణం నడిపే ప్లగిన్) ఉంటే కార్ట్, చెకౌట్ పేజీల్ని తప్పకుండా తప్పించాలి. లేదంటే ఒకరి ఆర్డరు, చిరునామా ఇంకొకరికి కనబడే ప్రమాదం ఉంది.

ఫొటో ఎక్కడం లేదన్నది రోజూ వినే గోల. ఫోన్లో తీసిన ఫొటో 4, 5 ఎంబీ ఉంటుంది. ఇంజిన్‌ఎక్స్‌కి మీరేమీ చెప్పకపోతే అది 1 ఎంబీ దాటనివ్వదు, 413 ఎర్రర్ అంటుంది. దాన్ని దాటితే పీహెచ్‌పీ దగ్గర 2 ఎంబీ హద్దు. తెల్ల పేజీ మీద 413 వస్తే ఇంజిన్‌ఎక్స్‌లో చూడండి, వర్డ్‌ప్రెస్ లోపల మెసేజ్ వస్తే పీహెచ్‌పీలో. పీహెచ్‌పీ ఐఎన్ఐ (సెట్టింగుల) ఫైళ్ళు రెండుంటాయి, కమాండ్లతో నడిపే సీఎల్ఐది ఒకటి, సైటు నడిపే ఎఫ్‌పీఎంది ఒకటి. సీఎల్ఐది మార్చి "ఎన్నిసార్లు మార్చినా పనిచెయ్యట్లేదు" అంటే ఎలా? ఎఫ్‌పీఎంది మార్చి, సర్వీసు రీలోడ్ చెయ్యండి.

తెలుగు సైటు కట్టేవాళ్ళకి ఇంకో రెండు విషయాలు, ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో దాదాపుగా దొరకవు. పోస్టు టైటిల్ తెలుగులో రాస్తే వర్డ్‌ప్రెస్ లింకు కూడా తెలుగులోనే తయారుచేసి, ఒక్కో యూనికోడ్ గుర్తుని %e0%b0%b6 లాంటి తొమ్మిది క్యారెక్టర్లుగా మార్చి దాచుకుంటుంది. "శ్రీకాకుళం" అన్న మాటలో గుణింతాలూ వత్తులూ కలిపి పది గుర్తులు, అంటే 90 క్యారెక్టర్లు. "విజయనగరం" ఎనిమిది, అంటే 72. ఆ లింకు దాచే గడి 200 క్యారెక్టర్లే. రెండు ఊళ్ళ పేర్లు రాసేసరికి 160 దాటింది, మిగతా టైటిల్ తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే ఆ శాతం గుర్తుల తోరణం చూసి ఎవరూ నొక్కరు. టైటిల్ తెలుగులో ఉంచి, లింకు మాత్రం రోమన్ అక్షరాల్లో నాలుగు మాటల్లో మీరే రాయండి.

రెండోది, సర్వర్ మార్చేటప్పుడు తెలుగంతా ప్రశ్నార్థకాలైపోవడం. డేటాబేస్ డంప్ (మొత్తం డేటాబేస్‌ని ఫైలుగా తీసిన కాపీ) తీసేటప్పుడూ, ఎక్కించేటప్పుడూ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పాలి. టేబుల్‌లో అక్షరాల బదులు నిజంగా ప్రశ్నార్థకాలే చేరాయంటే, అక్కడి నుంచి తిరిగి తేలేరు. పాత డంప్ ఒక్కటే దిక్కు. అందుకే కొత్త సర్వర్లో నాలుగు తెలుగు పేజీలు తెరిచి చదివి చూసేదాకా పాత సర్వర్ రద్దు చెయ్యకండి.

సైటుకి https ఇచ్చే సర్టిఫికెట్ గురించి రెండు ముక్కలు. ఉచితంగా దొరికే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ది మామూలుగా 90 రోజులే. 2025 జూన్ నుంచి గడువు దగ్గరపడిందని ఈమెయిల్ కూడా పంపడం లేదు. సర్టిఫికెట్‌ని తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ ప్రోగ్రామ్ రెన్యూని డ్రై-రన్ (ఉత్తుత్తి పరీక్ష) పెట్టి చూసుకోండి, ఫైర్‌వాల్లో 80వ పోర్టు మూసేయకండి.

ఆఫీసులో ఉన్న పాత కంప్యూటర్లోనే సైటు నడిపేస్తాం అనేవాళ్ళకి 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ గుర్తుండాలి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కరెంటు లేక ఎన్ని ఊళ్ళు చీకట్లో ఉన్నాయో అందరికీ తెలుసు. ముంబైలో ఉన్న డేటా సెంటర్లో చిన్న సర్వర్ తీసుకోండి. బ్యాకప్ మాత్రం ఆ సర్వర్లోనే పెడితే అది బ్యాకప్ కాదు. రోజూ డేటాబేస్ డంప్, వారానికోసారి డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్, ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్ ఫైళ్ళు వేరే కంపెనీ స్టోరేజికి వెళ్ళాలి. మూడు నెలలకోసారి ఆ డంప్‌ని ఖాళీ సర్వర్ మీద ఎక్కించి సైటు లేస్తుందో లేదో చూడాలి.

చివరగా, సైటు కట్టి ఇచ్చేవాళ్ళకి ఒక మాట. డొమైన్ (సైటు పేరు) కొన్నప్పుడు మీ ఈమెయిల్ ఇచ్చి మీ పేరు మీద పెట్టుకోకండి. ఓనరు పేరు, ఓనరు ఈమెయిల్, ఓనరు ఫోన్ నంబరే ఉండాలి. డొమైన్ రెన్యూవల్ తేదీ, హోస్టింగ్ లాగిన్, బ్యాకప్ ఉన్న చోటు, అడ్మిన్ లాగిన్, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి ఓనరు చేతికివ్వండి. ఆ కాగితం ఇచ్చాకే బిల్లు అడగండి.